కార్డు ఏ లైను దగ్గర తెగింది?

డీబగ్గర్ ప్రోగ్రామ్‌ను లైను లైనుకూ ఆపి, ఆ క్షణంలో ఏ విలువ ఎలా మారిందో చూపిస్తుంది. సొంతంగా కోడ్ రాసే ఏఐ ఏజెంట్ల కోసం కూడా ఇప్పుడు ఇలాంటి పనిముట్లు వస్తున్నాయి. యంత్రానికి దక్కిన ఈ వసతి కార్డు పోయిన కూలీకి లేదు.

తెలంగాణ ‘సమగ్ర వేదిక’ రకరకాల రికార్డుల్లోని పేర్లు పోల్చి అనర్హులను తేలుస్తుంది. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడికి ఇంకెవరిదో కారు అంటగట్టింది. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ముందు నోటీసు ఇచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు.

బోధన్‌లో 2015 డిసెంబర్‌లోనే నిజాం షుగర్స్ మూతపడింది. జీతం పోయిన ఇంట్లో, చెరుకు కొట్టే దళిత కూలీ ఇంట్లో కార్డు కూడా పోతే మిగిలేది మీసేవ, తహసీల్దార్ ఆఫీసుల చుట్టూ తిరగడమే. నిజామాబాద్ విద్యార్థులు ప్రతి రద్దుకూ రాతపూర్వకంగా అడగాల్సింది ఒకటే: ఏ రికార్డు, ఏ పేరుతో పోలిక, సంతకం ఏ అధికారిది?