పెట్టె మనది, మేలుకొలుపు వాళ్ళదా?

"పాతది పారేసి కొత్తది కొనుక్కోండి" అన్న మాటను సాంకేతిక సలహా అనే గౌరవప్రదమైన పేరుతో ఎంత సులువుగా చెప్పేస్తున్నారో గమనించారా మిత్రులారా? 2024 ఏప్రిల్‌లో డి-లింక్ సంస్థ చెప్పినది ఇంచుమించు ఇదే. ఆ సంస్థ అమ్మిన డిఎన్ఎస్-320ఎల్, 325, 327ఎల్, 340ఎల్ అనే నిల్వపెట్టెలలో ఒక దొంగద్వారం బయటపడింది. వాడుకరి పేరు "మెసేజ్‌బస్", సంకేతపదం ఖాళీ. ఆ పేరుతో వచ్చిన ఆగంతకుడు పెట్టె చేత తనకు కావలసిన ఆజ్ఞను నెరవేర్పించుకోవచ్చు. తయారుచేసినవాడు వచ్చి తలుపు మూస్తాడని ఎదురుచూసినవారికి దక్కిన సమాధానం: ఈ పెట్టెల ఆయుష్షు తీరిపోయింది, వాడకం మానివేసి వేరేవి తెచ్చుకోండి.

డిస్కు తిరుగుతున్నది. ఫ్యాను తిరుగుతున్నది. ప్రాసెసరుకు ఏ జబ్బూ లేదు. మరి ఆయుష్షు తీరినది దేనికి? అమ్మినవాడి ఆసక్తికి. దానిని యంత్రం మరణంగా ప్రకటించడం భాషకు జరిగిన ద్రోహం కూడాను.

విషయం తెలియనివారి కోసం నాలుగు మాటలు. నిల్వపెట్టె అంటే ఇంటి రౌటరుకు తగిలించుకొనే డిస్కుపెట్టె. దీనినే నాస్ అంటారు. ఇంట్లోని ఫోనులు, కంప్యూటర్లు అన్నీ అందులో దాచుకోవచ్చు, అందులోనుంచి తీసుకోవచ్చు. చూడడానికి డబ్బాలా కనిపించినా లోపల ఉన్నది పూర్తి కంప్యూటరే. అందులో నడిచేది చాలావరకు లినక్సే. కరెంటు రాగానే ఆ లినక్సును నిద్రలేపడానికి ఫ్లాష్ మెమరీలో ఒక చిన్న ప్రోగ్రాము కాపురముంటుంది. దాని పేరు బూట్‌లోడరు. నేను దానిని మేలుకొలుపు అంటాను (సుప్రభాతం అనవచ్చు గాని, దేవుడు లేవకపోయినా సుప్రభాతం సాగుతుంది. ఇది ఆగితే ఇంకేదీ సాగదు). ర్యామును సిద్ధం చేసి, కెర్నలును ఫ్లాష్ నుండి తెచ్చి ర్యాములో నిలిపి, "నీ ఫైళ్ళు ఫలానా చోట ఉన్నవి, ఇక కానీ" అని చెప్పి తప్పుకోవడం దాని వృత్తి. ఏ కెర్నలును లేపాలో చెప్పే అధికారం ఎవరిదైతే ఆ పెట్టె వారిది. రశీదు మీద ఎవరి పేరున్నా సరే.

ఈ అధికారం కొన్నవాడి చేతికి వస్తే ఏమవుతుందో 2004లో వచ్చిన లింక్‌సిస్ ఎన్ఎస్ఎల్‌యు2 చూపించింది. 32 మెగాబైట్ల ర్యాము, 8 మెగాబైట్ల ఫ్లాష్, డిస్కులు తగిలించడానికి రెండు యుఎస్‌బి రంధ్రాలు. అందులోని ఇంటెల్ ప్రాసెసరు 266 మెగాహెర్ట్జులకు తగినదైనా, తొలి పెట్టెలను 133 వద్దనే నడిచేలా కట్టి అమ్మారు. అభిమానులు దానికి "స్లగ్" అని పేరుపెట్టారు. చిప్ప లేని నత్త అన్నమాట. ఈ నత్తలో రెడ్‌బూట్ అనే మేలుకొలుపు ఉండేది. కరెంటు ఇచ్చిన తరువాత రెండే రెండు సెకన్లపాటు 192.168.0.1 చిరునామాలో, 9000వ ద్వారం దగ్గర అది చెవి ఒగ్గి వింటుంది. ఆ రెండు సెకన్లలో టెల్‌నెట్‌తో వెళ్ళి కంట్రోల్-సి నొక్కితే ఆగి, ఏం కావాలని అడుగుతుంది. ఆ సందులోనుంచి ప్రపంచమంతటా జనం లోపలికి వెళ్ళారు. డెబియన్‌ను స్లగ్ మీదికి, క్యూనాప్ పెట్టెల మీదికి తెచ్చిన మార్టిన్ మిఖ్ల్‌మయర్ వంటివారు తమ సొంత సమయం వెచ్చించి మార్గదర్శకాలు వ్రాసిపెట్టారు. ఒక్క రెసిస్టరును ఊడదీసి 266 మెగాహెర్ట్జులనూ వెనక్కు రాబట్టుకున్నారు. తాను కొన్న వేగాన్ని తానే టంకంకడ్డీ పట్టుకొని విడిపించుకోవలసి రావడం ఎంత విచిత్రం!

"ఇదంతా అమెరికా కుర్రాళ్ళ కాలక్షేపం, జగిత్యాలకూ కోరుట్లకూ దీనితో ఏం పని?" అనే పెద్దమనుషులున్నారు. పని ఉన్నది. ఇంటికొకరు దుబాయికో మస్కట్టుకో పోయిన ఊళ్ళవి. తండ్రి చూడని పురుళ్ళు, కొడుకు చూడని చావులు, అన్న లేకుండా జరిగిన చెల్లెలి పెళ్ళి ఫోటోలుగా, వీడియోలుగానే ఆ ఇళ్ళలో మిగిలాయి. బీడీలు చుట్టే తల్లి చేతికి కొడుకు ముఖం అందేది ఆ దారినే. వాటిని ఎక్కడ దాచుకోవాలి? గూగుల్ ఫోటోస్‌లో ఎంతైనా ఉచితం అన్నారు, జనం పోశారు. 2021 జూన్ 1 నుండి ఆ ఔదార్యం ముగిసింది. ఖాతాకు 15 గిగాబైట్లు, ఆపైన నెలనెలా కిరాయి. కిరాయి ఇంటికన్నా సొంత పెట్టె మేలని అనుకున్నవారికి అదే నెలలో ఇంకొక దెబ్బ తగిలింది.

వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ సంగతి ఇది. 2015 తరువాత ఆ సంస్థ దానికి నవీకరణలు ఆపివేసింది. 2021 జూన్ చివరి వారంలో వాటి యజమానులు తెల్లవారి లేచి చూస్తే ఏళ్ళ తరబడి దాచుకున్నవి మాయం. ఎవరో జాలం మీదుగా వచ్చి, పెట్టెను కొత్తదానిలా తుడిచివేసే ఆజ్ఞ ఇచ్చి పోయారు. ఆ ఆజ్ఞకు ముందు సంకేతపదం అడిగే పంక్తులు కోడులో ఉండవలసినవి. ఉన్నాయి కూడా! కాని పనిచేయకుండా వ్యాఖ్యలుగా మార్చి ఉంచారు. ఆ మార్పు 2011 నాటిదని సంస్థే ఒప్పుకొన్నది. పెట్టెలను జాలం నుండి విడదీయమన్నది, నష్టపోయినవారికి డేటా వెలికితీత సేవ కూడా ఇస్తామన్నది. మంచిదే. కాని నాలుగైదు పంక్తుల ముందున్న గుర్తులను చెరిపివేయడానికి పదేళ్ళపాటు ఒక్కరికీ తీరిక దొరకలేదు.

ఇక్కడ అసలు వింత వినండి. ఆ పెట్టెలో ఉన్నది పాతబడిన డెబియనే. స్వేచ్ఛా సాఫ్టువేరును తీసుకొని, పైన తమ పూత పూసి, పూత మాసిపోగానే వదిలిపెట్టారు. డిస్కును ఊడదీసి ఇంట్లోని లినక్సు కంప్యూటరుకు తగిలిస్తే సరిపోతుందా అంటే, ఆ ఫైలువ్యవస్థను 64 కిలోబైట్ల దిమ్మెలతో కట్టారు. ఇళ్ళలోని మామూలు కంప్యూటర్లు 4 కిలోబైట్ల లెక్కకు అలవాటుపడినవి కాబట్టి తిన్నగా మౌంటు కాక చాలామంది తలలు పట్టుకున్నారు. ఫ్యూజ్-ఈఎక్స్‌టి2 వంటి పనిముట్టుతో చదువుకోవాలి. ఆ పెట్టెకే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వారు, జీతం లేనివారు, కొత్త కెర్నలును అందించారు. కన్నవారు వదిలేసిన బిడ్డను పక్కింటివారు సాకినట్లున్నది.

సిరిసిల్లకు వెళ్ళి చూడండి. భీవండికి వలసపోయి పని నేర్చి వచ్చినవారు నడిపిన మరమగ్గాలు, అక్కడి మాటలో సాంచాలు, ఎన్ని దశాబ్దాల నాటివి? వాటిని పోతపోసిన కంపెనీ ఉన్నదో లేదో ఆసామికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. నాడె విరిగితే నాడె మారుస్తారు, పికరు అరిగితే పికరు మారుస్తారు, అచ్చు పాడైతే అచ్చు మారుస్తారు. చేతికి నూనె అంటించుకోగల మెకానిక్కు ఊళ్ళో ఉంటే చాలు. "ఈ సాంచెకు మా తోడ్పాటు ముగిసింది, రేపటినుండి గుడ్డ నేయదు" అని ఎవడైనా ఉత్తరం వ్రాస్తే నేతన్న ఏమంటాడో ఇక్కడ వ్రాయలేను. కరెంటు పంపిణీకే 1970లో సహకార సంఘం పెట్టుకొని, దాని పాలకవర్గాన్ని ఓట్లేసి ఎన్నుకొంటూ వచ్చిన ప్రాంతమది. తీగ మీద హక్కు తెలిసినవారికి తీగ కొసనున్న డబ్బా మీద హక్కు లేదనడం ఏ న్యాయం?

చేతితో చేసే పనిగా చూస్తే ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. చాలా పెట్టెలలో యు-బూట్ అనే మేలుకొలుపు ఉంటుంది. మూత తీస్తే బోర్డు మీద సీరియల్ ద్వారం, సాధారణంగా నాలుగు సూదులు. కొన్ని వందల రూపాయలకు దొరికే 3.3 వోల్టుల యుఎస్‌బి సీరియల్ తీగ కావాలి. పాత ఆర్ఎస్-232 తీగ నేరుగా తగిలిస్తే బోర్డు కాలుతుంది. భూమి, పంపేది, అందుకొనేది మూడే కలపాలి, వోల్టేజి సూదిని ముట్టుకోరాదు. వేగం సాధారణంగా 115200. కరెంటు ఇచ్చి ఏదో ఒక మీట నొక్కితే మేలుకొలుపు ఆగుతుంది. అప్పుడు ప్రింట్‌ఎన్వ్ అని అడిగి పాత అమరికలన్నీ ఒక కాగితం మీద వ్రాసుకోవాలి. ఆపైన కొత్త కెర్నలును టిఎఫ్‌టిపితో ర్యాములోకి మాత్రమే తెచ్చి లేపి చూడాలి. లేచిన తరువాతనే ఫ్లాషులోకి వ్రాయాలి. మేలుకొలుపును మాత్రం కదపరాదు. అది చెరిగితే చాలా పెట్టెలు ఇటుకలే. మార్వెల్ కిర్క్‌వుడ్ చిప్పులున్నవాటిని కెడబ్ల్యుబూట్‌తో సీరియల్ తీగ మీదుగా బతికించవచ్చు, అందరికీ ఆ అదృష్టం లేదు. ఫ్లాషుకు వ్రాస్తుండగా కరెంటు పోతే గోవిందా కాబట్టి ఇన్వర్టరు మీద పెట్టుకోండి. జగిత్యాల బజారులో ఫోను బోర్డులకు టంకం వేసే కుర్రవాడికి ఇందులో చేతకానిది ఏదీ లేదు. అతడికి లేనిది తెలుగులో వ్రాసిన మార్గదర్శకం. ఆ లోటు వ్రాయగలిగిన మనది.

అన్ని పెట్టెలూ ఇలా ఆగి వినవు. సంతకం లేని కెర్నలును లేపననే మేలుకొలుపులు వచ్చాయి. భద్రత కోసమంటారు. ఈ వాదనను నేను కొట్టిపారేయను. సంతకం చూడడం మంచి పద్ధతే. నా అభ్యంతరమల్లా ఎవరి సంతకం అన్నదే. ఇంటికి తాళం వేసుకోమనే సలహా ఇచ్చి, తాళంచెవి మేస్త్రీ జేబులో ఉంచుకుంటే దానిని భద్రత అనరు. సొంతదారుకు తన సంతకం నమోదుచేసుకొనే దారి ఇవ్వండి. కనీసం తోడ్పాటు ఆపిన రోజునైనా ఇవ్వండి. మెసేజ్‌బస్ అనే పేరుతో ఖాళీ సంకేతపదం పెట్టినవారు మనకు భద్రతా పాఠాలు చెప్పడం వినడానికి ఇబ్బందిగా ఉన్నది.

చట్టం సంగతికి వస్తే, 2007లో వచ్చిన జిపిఎల్ మూడవ కూర్పు ఇంటి పరికరాలలో మార్చిన ప్రోగ్రామును ఎక్కించుకొనే సమాచారం కూడా ఇవ్వాలన్నది. లైనస్ టోర్వాల్డ్స్ అందుకు ఇష్టపడక కెర్నలును రెండవ కూర్పులోనే ఉంచాడు. ఆయన ప్రతిభకు నమస్కరిస్తూనే, ఈ విషయంలో ఆయన పొరబడ్డాడని నా అభిప్రాయం. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టపు 52వ సెక్షను, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం రాబట్టడాన్ని ఉల్లంఘన కాదంటున్నది. 2012లో చేరిన 65ఏ సెక్షను సాంకేతిక తాళాలను తీయడం నేరమంటుంది, కాని హక్కులను హరించే ఉద్దేశంతో తీసినప్పుడే. సొంత ఫోటోలను కాపాడుకొనే ఉద్దేశం అందులోకి ఎలా వస్తుంది? 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పేరిట ఒక జాలస్థలిని ప్రారంభించింది. విడిభాగాలు, వారంటీలు అన్నీ మాట్లాడారు, మేలుకొలుపు ఊసు కూడా అందులో చేరాలి.

స్వేచ్ఛా సాఫ్టువేరు మాత్రం చిరంజీవా అని ఒక మిత్రుడు ఎత్తిపొడవవచ్చు. కాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో, ఈ పాత పెట్టెలు ఆధారపడిన ఆర్మెల్ రకానికి ఇన్‌స్టాలరు లేదు, ఆ రకానికి అదే చివరి కూర్పు. కాని ఎందుకు ఆపుతున్నారో బహిరంగంగా చర్చించి, ముందుగా చెప్పి ఆపారు. మూలం మొత్తం అక్కడే ఉన్నది, ఓపిక ఉన్నవాడు కొనసాగించుకోవచ్చు.

ఇంట్లో ఇలాంటి పెట్టె ఉన్నవారు ఈ రాత్రికి చేయవలసినది చిన్నదే. అడుగున అంటించిన చీటీ మీద మోడలు సంఖ్య చూసి, దానికి ఆఖరి నవీకరణ ఏ సంవత్సరంలో వచ్చిందో వెదకండి. ఏళ్ళు గడిచి ఉంటే రౌటరులో దానికి బయటినుండి దారి మూసివేయండి. మూత తీసేముందు లోపలి ఫోటోలకు వేరొక డిస్కు మీద నకలు తీసుకోండి.