కరిగిపోతుందన్న కవరు

పోయినేడాది కార్తీక పౌర్ణమికి అత్తయ్యను తీసుకుని మైపాడు సముద్రస్నానానికి వెళ్ళాం. అరటి దొప్పల్లో దీపాలు వదిలి, ఇసకలో కూర్చుని పులిహోర తిన్నాం. పొట్లాలు తెచ్చిన కవరును మా అమ్మాయి అక్కడే వదిలేసి లేచింది. ‘‘తియ్యవే’’ అంటే, ‘‘ఇది ప్లాస్టిక్ కాదమ్మా, మట్టిలో కలిసిపోతుంది. దానిమీదే రాసుంది చూడు’’ అంది. నిజమే, ఆకుపచ్చ అక్షరాలతో రాసుంది.

మనసొప్పక దాన్ని ఇంటికి తెచ్చి, కరివేపాకు చెట్టు మొదట్లో పాతాను. ఉగాది ముందు మట్టి గుల్ల చేస్తుంటే బయటపడింది. కాస్త మెత్తబడింది, అంతే. అక్షరాలు ఇంకా చదవొస్తున్నాయి!

అంతా మోసమేనా? అలా తేల్చెయ్యడానికీ లేదు. మొక్కజొన్న పిండి, చెరకు వంటివాటితో చేసేదాన్ని బయోప్లాస్టిక్ అంటున్నారు. అందులో అన్నీ ఒకటి కాదు. చెరకు నుంచి పుట్టినా మామూలు పాలిథీన్‌లాగే ఏళ్ళ తరబడి ఉండేవి కొన్ని, కుళ్ళి ఎరువయ్యేవి కొన్ని. ఈ రెండో రకంలోనూ చాలావాటికి కంపోస్టు కేంద్రంలో ఉండే దాదాపు 58 డిగ్రీల వేడి, తేమ, సూక్ష్మజీవులు కావాలి. మన పెరటి మట్టికి అంత వేడెక్కడిది? సముద్రపు నీళ్ళకు అసలే లేదు.

అలాగని పనికిరాని సరుకూ కాదు. 2021 ఆగస్టులో తిరుమలలో డీఆర్‌డీవో పరిశోధనతో తయారైన సంచుల కౌంటరు తెరిచారు. అప్పటి డీఆర్‌డీవో ఛైర్మన్ సతీష్ రెడ్డిగారు మన నెల్లూరు జిల్లా వారే. మొక్కజొన్న పిండితో చేసిన ఆ సంచులు 90 రోజుల్లో మట్టిలో కలుస్తాయని అప్పుడు చెప్పారు. కొండ మీద లాంటి చోట సంచులు ఇచ్చేదీ, చెత్త ఎత్తేదీ ఒకరి అజమాయిషీలోనే ఉంటే ఇది సాగే పనే. మన బజారు సంగతే వేరు.

2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకన్నా పల్చని ప్లాస్టిక్ సంచులు నిషేధం. కంపోస్టయ్యే సంచులకు మాత్రం ఆ మందం లెక్క వర్తించదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలంతే. కాబట్టి కవరు మీద ‘కంపోస్టబుల్’ అన్న మాట, తయారీదారు పేరు, ధ్రువపత్రం నంబరు ఉన్నాయేమో చూడండి. ఊరికే ‘ఎకో’, ‘గ్రీన్’ అని రాస్తే నమ్మకండి. అసలైనదే అయినా చెత్తబండిలో పాల ప్యాకెట్లతో కలిపేస్తే అది ఎరువూ కాదు, ఆ ప్లాస్టిక్‌ను తిరిగి వాడుకోవడమూ కష్టమవుతుంది.

నా భయం కవరు గురించి కన్నా, కరిగిపోతుందిలే అని పారేసే మన ధీమా గురించి. గుడ్లు పెట్టడానికి మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకు నీళ్ళలో తేలే కవరు జెల్లీ చేపలా కనిపిస్తుందట. దానిమీద రాసింది అవి చదవలేవు కదా!

అత్తయ్య దీపం వదిలిన అరటి దొప్పకు ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు. మట్టిలోంచి తీసిన కవరును కడిగి మా అమ్మాయి చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది. ‘‘ఈసారి పులిహోర స్టీలు క్యారేజీలో పెట్టుకెళ్దామమ్మా’’ అంది.