మొదటి ప్రెస్సు ఏది?

అమెరికాలో పిస్తోలు గురి అభ్యసించే మన కుర్రవాళ్లు కొందరు తూటాలను ఇంట్లోనే తిరిగి నింపుకొంటారు. మొదటి యంత్రంగా ప్రోగ్రెసివ్ ప్రెస్సే కొనవలెననీ, గంటకు వందల తూటాలు వచ్చుననీ వారిలో పలువురి వాదం. ఓనమాలు దిద్దనివాని చేతికి శ్లేషకావ్యం ఇచ్చినట్లున్నది!

ప్రోగ్రెసివ్‌లో మీట లాగిన ప్రతిసారీ నాలుగైదు పనులు ఏకకాలంలో జరుగును. క్రొత్తవాని కన్ను దేనిపై నిలుచును? సింగిల్ స్టేజ్ ప్రెస్సులో ఒకసారికి ఒక్క పనియే. మందు పోసిన తొడుగులను వరుసగా నిలిపి, దీపం పట్టి, ప్రతిదానిలోకీ తొంగిచూచి, ఆ పిమ్మటనే గుండు కూర్చవచ్చును. ఈ తొంగిచూపు చిన్నది కాదు. .38 స్పెషల్ తొడుగు నల్లమందు కాలం నాటిది, లోతైనది. నేటి చురుకైన మందు రెండు మోతాదులు పడినా పొంగిపొరలదు. పేల్చినప్పుడు తుపాకి చేతిలోనే బ్రద్దలు కావచ్చును.

నెమ్మది అందురా? నేర్చుకొనువానికి కావలసినది అదియే గదా! చేయి తిరిగిన తరువాత ప్రోగ్రెసివ్ కొనుడు, ఎవరు వలదన్నారు?

ఇంకొక మాట. ఉత్త ఇనుపముక్కయే గదా అని ఆ ప్రెస్సును గన్నవరం విమానాశ్రయానికి మోసుకొని రావలదు. మన 1959 నాటి ఆయుధ చట్టం మందుగుండును తయారుచేయు యంత్రాన్ని కూడ మందుగుండుగానే నిర్వచించినది. లైసెన్సు లేక తూటాలు తయారుచేసినచో, 2019 సవరణ ప్రకారం కనీస శిక్ష 7 ఏండ్ల కారాగారం. ఇచ్చట వాదించుటకు మొదటి ప్రెస్సూ లేదు, రెండవదీ లేదు.