నడుం నొప్పి అందరికీ ఉండేదేగా అనకండి

మన పల్లెల్లో నలభై దాటిన ఆడమనిషిని ఒంట్లో ఎలా ఉందని అడిగి చూడండి. "ఏముంది, ఆ నడుం నొప్పే" అంటుంది. ఆ మాట అంటూనే తట్ట నెత్తికెత్తుకుంటుంది. మగవాళ్ళూ ఏమీ తీసిపోరు. మందు ట్యాంకు వీపున వేసుకుని పది ట్యాంకులు కొట్టి వచ్చినవాడు రాత్రికి మంచం మీద నుంచి పక్కకు తిరగలేడు. అయినా తెల్లారితే చేనుకే. నడుం నొప్పిని జబ్బుల లెక్కలోంచి మనం ఎప్పుడో తీసేశాం. కష్టం చేసేవాళ్ళకు అది తప్పదని సరిపెట్టుకున్నాం. ఇలా సరిపెట్టుకోవడమే మన కొంప ముంచుతోందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నేను డాక్టర్ని కాను. మీలాగే మూడెకరాల మెట్ట చేసుకునేదాన్ని. నా నొప్పికి పేరు తేలడానికి రెండేళ్ళు పట్టింది. ఒకరు గ్యాసన్నారు. ఒకరు నరం పట్టిందన్నారు. ఒక పట్నం ఆస్పత్రిలో వీపు మీద చెయ్యి కూడా వేసి చూడకుండా బలానికి సీసాలు రాసి పంపారు. "ఈ వయసులో మామూలేనమ్మా" అన్న మాట మాత్రం అందరి దగ్గరా విన్నాను. చివరికి ఒక ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముక గట్టితనం కొలిచే పరీక్ష చేయించాక తేలింది. ఎముకలు గుల్లబారాయి, వెన్నుపూస ఒకటి కుంగింది. నాకు నయమైందని చెప్పను. నొప్పి ఇంకా ఉంది. కానీ అదేమిటో తెలిసింది గనుక ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలిసింది. ఆ తేడా చిన్నది కాదు.

ఆకు పసుపైతే అన్నిటికీ యూరియానేనా?

చేలో ఆకు పసుపు రంగుకు తిరిగిందనుకోండి. వరి అయితే నత్రజని తక్కువైందేమో, నీళ్ళు నిలిచాయేమో చూస్తారు. వేరుశనగ అయితే ఇనుప ధాతు లోపమని అన్నభేది కొడతారు. మినుము అయితే పల్లాకు తెగులు, తెల్లదోమ సంగతి చూడాలంటారు. పసుపు ఒక్కటే, కారణాలు వేరు, మందులు వేరు. ఇంత తెలిసిన మనం, మన నడుం దగ్గరికి వచ్చేసరికి అన్నిటికీ ఒకటే సూది అంటే ఎలా?

నడుం నొప్పి వెనుక కండరం పట్టడం ఉండొచ్చు. ఎక్కువమందిది అదే, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు జారడం ఉండొచ్చు. ఎముక గుల్లబారి పూస కుంగడం ఉండొచ్చు. డి విటమిన్ లోపంతో ఎముక మెత్తబడటం ఉండొచ్చు. వెన్నెముకకు క్షయ సోకి ఉండొచ్చు. పెద్ద వయసులో ఎముక మజ్జకు వచ్చే క్యాన్సరూ మొదట నడుం నొప్పిగానే బయటపడొచ్చు. బోరు నీళ్ళు తాగే ఊళ్ళల్లో ఫ్లోరైడ్ సంగతి సరేసరి. దర్శి, పొదిలి ప్రాంతాల్లో ఈ బాధను డాక్టర్లు 1937లోనే గుర్తించి రాశారు. నల్లగొండ కథ మీ అందరికీ తెలిసిందే. అక్కడ ఎముక గుల్లబారదు, పైకి చిక్కబడినట్టు కనిపిస్తుంది, కీళ్ళు బిగుసుకుపోతాయి. ఒకదానికి వాడే మందు ఇంకొకదానికి పనికిరాదు. క్షయ అయితే నెలల తరబడి మందు మింగితే నయమయ్యేది, మందులు సర్కారే ఉచితంగా ఇస్తుంది. దాన్ని నడుం నొప్పని నొప్పి బిళ్ళలతో నెట్టుకొస్తే కాళ్ళు పడిపోయే దాకా వస్తుంది.

ఎముక గుల్లబారడమంటే

ఎముక అంటే రాయి కాదు, ప్రాణమున్నదే. పాతది కరుగుతూ కొత్తది చేరుతూ ఉంటుంది. ముప్పై ఏళ్ళ వరకు చేరేది ఎక్కువ. ఆ తర్వాత మెల్లగా కరిగేది ఎక్కువ. ఆడవాళ్ళకు ముట్లు ఆగిన మొదటి అయిదారేళ్ళల్లో ఈ తరుగు జోరందుకుంటుంది. గాదె అడుగున చిల్లి పడితే పైకి కనపడదు చూడండి, అలాంటిదే ఇది. విరిగేదాకా నొప్పి ఉండదు. ఒకరోజు బిందె ఎత్తబోతేనో, బండి గుంతలో పడి కుదిపితేనో పూస కుంగుతుంది. అది విరగడమని కూడా చాలామందికి తెలియదు, పట్టేసిందనుకుంటారు. నాలుగేళ్ళకు చూస్తే వీపు గూని తిరుగుతుంది, మనిషి పొట్టి అవుతుంది. ముసలితనం అనుకుంటాం.

మగవాళ్ళకు రాదని కాదు. బీడీలు, చుట్టలు, సారా, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మందులు, వయసు, ఇవన్నీ ఎముకను తినేవే.

గర్భసంచి ఆపరేషన్ల లెక్క

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. 2019-21 సర్వేలోనూ మన రెండు రాష్ట్రాలే ముందున్నాయి. ఇందులో మనకు గొప్పేమీ లేదు. తెల్లబట్ట అవుతోందని, కడుపులో నొప్పని, "పిల్లలు పుట్టారుగా, ఇంక సంచి ఎందుకు" అని ముప్పై అయిదేళ్ళకే తీసేయించుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగిన ఒళ్ళు అవుతుంది. వాటిని ఉంచినా కొందరిలో అవి ముందుగానే పని తగ్గిస్తాయి. అంటే యాభైలో మొదలవ్వాల్సిన ఎముక తరుగు ముప్పై అయిదుకే మొదలవుతుంది. ఆ తర్వాత పదేళ్ళకు నడుం నొప్పి అంటూ వెళితే, పాత ఆపరేషన్ గురించి అడిగేవారే ఉండరు. అనవసరపు ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. కాగితం మీద ఉన్నది మన దాకా రావాలంటే మనమూ అడగాలి. అక్కలారా, ఆపరేషన్ అన్నవాళ్ళను ఇంకో డాక్టరుకు కూడా చూపించుకున్నాకే ఒప్పుకోండి. క్యాన్సరో, ఆగని రక్తస్రావమో అయితే అది వేరే సంగతి, ఆలస్యం చేయొద్దు. ఇప్పటికే అయిపోయిన వాళ్ళు అండాశయాలు తీశారో ఉంచారో ఆ కాగితం చూసి తెలుసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అడక్కపోయినా చెప్పండి.

సూది వేయిస్తే తగ్గుతోందిగా అంటారా?

తగ్గుతుంది. అందుకే ఊళ్ళో సూదికి అంత గిరాకీ. నాట్లప్పుడు ఒకరోజు కూలి పోతే ఇల్లు గడవని వాళ్ళు ఏం చేస్తారు? వాళ్ళను తప్పు పట్టి లాభం లేదు. కానీ నొప్పి సూదిలో కొన్నిచోట్ల స్టెరాయిడ్ కలిపి ఇస్తుంటారు. అది వేసిన పూటకు ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. నెలల తరబడి ఒంట్లోకి పోతే అదే ఎముకను గుల్ల చేస్తుంది. అంటే నొప్పికి వేసే మందే నొప్పిని పెంచుతుందన్న మాట. నొప్పి బిళ్ళలు రోజూ మింగితే కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో నీళ్ళు సరిగా తాగకుండా పనిచేసే మనకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అందుకని ఏ మందు వేస్తున్నారో చీటీ మీద రాయించుకోండి. ఒక్క జాగ్రత్త, చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఏం అడగాలి? ఏ పరీక్ష?

కొన్ని గుర్తులుంటే ఇక వాయిదా వేయొద్దు. రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, చిన్న కుదుపుకే వచ్చిన పెద్ద నొప్పి, వీపు వంగడం, ఎత్తు తగ్గడం. వీటిలో ఏదున్నా ఈ వారంలోనే చూపించుకోండి. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం, దొడ్డి అదుపు తప్పినా అదే రోజు పెద్దాస్పత్రికి పోవాలి.

మామూలు ఎక్స్‌రేలో కుంగిన పూస కనపడుతుంది. కానీ ఎముకలో దాదాపు మూడో వంతు తరిగేదాకా తరుగు స్పష్టంగా కనపడదు. అందుకని ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగుందని కాదు. తరుగు కొలిచేది డెక్సా అనే పరీక్ష. పావుగంట పని, సూది లేదు, నొప్పి లేదు. అందులో టీ స్కోరు అని ఒక అంకె ఇస్తారు. మైనస్ 1 దాకా పరవాలేదు. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 లోపు ఉంటే తరుగు మొదలైందని, మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే గుల్లబారిందని లెక్క. ఉచిత శిబిరాల్లో మడమ పెట్టించి చూసే యంత్రం ఉంటుంది. అది అనుమానం చెప్పడానికే, నిర్ధారణకు చాలదు. అది చూసి డబ్బాల కొద్దీ మందులు అంటగడితే కొనకండి. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఎముక చిక్కగా కనిపించి లెక్క తప్పొచ్చు. రక్తంలో కాల్షియం, డి విటమిన్, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు కూడా చూసి గానీ మంచి డాక్టరు మందు రాయడు.

మందులున్నాయి. వారానికి ఒక మాత్ర వేసుకునేవి ఉన్నాయి. పరగడుపున గ్లాసెడు నీళ్ళతో మింగి అరగంట పడుకోకుండా ఉండాలి. ఏడాదికి ఒకసారి సెలైన్‌లా ఎక్కించేదీ ఉంది. ఏది ఎవరికన్నది డాక్టరు తేల్చాల్సిందే. డి విటమిన్ మంచిదన్నారు కదా అని పెద్ద డోసు సూదులు నెలనెలా వేయించుకోవడం ప్రమాదం. అది ఎక్కువైతే విషమే.

పాలన్నీ కేంద్రానికేనా?

ఎండలో పనిచేసేవాళ్ళకు డి విటమిన్ లోపమేమిటని నవ్వుతారేమో. తిరుపతి స్విమ్స్ వైద్యులు పరీక్షలు చేస్తే పల్లె జనంలోనూ, ముఖ్యంగా ఆడవాళ్ళల్లో, ఈ లోపం బయటపడింది. ఒళ్ళంతా కప్పుకుని పనిచేస్తాం. దానికి తోడు తిండిలో కాల్షియం తక్కువ.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లు ఆగిన ఆడవాళ్ళకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. తెల్లబియ్యంలో నూరు గ్రాములకు పది మిల్లీగ్రాములు కూడా కష్టమే. రాగుల్లో 340కి పైగా ఉంటుంది. మునగాకులో 300 దాటి, నువ్వుల్లో వెయ్యి దాటి ఉంటుంది. అర లీటరు పాలలో దాదాపు 600. గేదెను మేపేది మనం, పేడ తీసేది మనం, పాలన్నీ కేంద్రానికి పోసి చుక్క పాలు లేని టీ తాగేదీ మనమే. అర లీటరు ఇంట్లో ఉంచితే బిల్లు కొంచెం తగ్గుతుంది, నిజమే. తుంటి విరిగి మంచాన పడితే ఎంత పోతుందో కూడా లెక్క వేయండి.

పనిలోనూ కొంత మార్పు మన చేతుల్లోనే ఉంది. యూరియా బస్తాను 2018లో 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గించారు. మిగతావి ఇంకా బరువే. ఎముక గుల్లబారిందని తేలినవాళ్ళు బస్తా ఎత్తొద్దు, ముందుకు వంగి బరువు లేపొద్దు. కలుపుకు పొడుగు కర్ర ఉన్న పనిముట్లు వాడండి. అలాగని మంచానికే అతుక్కుపోతే ఎముక ఇంకా తరుగుతుంది. నడక మానొద్దు.

సర్కారును అడగాల్సింది

ఆరోగ్య పథకాలు ఎక్కువగా ఆస్పత్రిలో చేరినవాళ్ళకు, ఆపరేషన్లకు పనికొస్తున్నాయి. విరిగాక ఆపరేషన్‌కు డబ్బులు పెట్టే ప్రభుత్వం, విరగకుండా చూసే పరీక్షకు ఎందుకు పెట్టదు? చాలామందికి డెక్సా కోసం పట్నం దాకా పోక తప్పడం లేదు. బస్సు చార్జీ, రెండు రోజుల కూలి, తోడుగా వచ్చేవాళ్ళ కూలి కలిపితే పరీక్ష ఖర్చు కన్నా అదే ఎక్కువ. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఈ యంత్రం ఉండాలి. చిన్న వయసులో గర్భసంచి తీసేసిన వాళ్ళకు పరీక్ష ఉచితంగా చేయాలి. పశువులకు శిబిరాలు పెడుతున్నారు, నేలకు పరీక్షలు చేస్తున్నారు. ఆ నేల దున్నే మనిషికి కూడా చేయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. గ్రామసభలో, మహిళా సంఘం సమావేశంలో ఈ మాట రాయించండి. తాగే బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించమని కూడా అందులోనే కలపండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగొద్దు.

ముందు ఇంట్లో ఒక పని చేయండి. మీ అమ్మ, మీ అత్త, మీ ఇంటావిడ నడుం నొప్పి అని ఎన్నాళ్ళుగా అంటున్నారో అడగండి. మూడు నెలలు దాటి ఉంటే నాట్లు మొదలయ్యే లోపే ఒకరోజు చూసుకుని, పాత చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. నొప్పి తగ్గించమని మాత్రమే అడక్కండి. ఈ నొప్పి ఎందుకు వస్తోందో చెప్పమని అడగండి. సమాధానం వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.