హద్దు లేని కంపెనీకి నానో పొడి ఎందుకు?

ఎండ తగిలితే చాలు, నానో పొడి నీళ్లలోని యాంటీబయాటిక్ మందులను విరగ్గొట్టేస్తుందని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. రైతు సోదరులారా, ఆ పొడి అబద్ధం కాదు. దాన్ని చూపించి మనల్ని ఊరుకోబెట్టడమే మోసం.

పొడి సంగతి చెప్పుకుందాం. గోడకు వేసే తెల్ల రంగులో ఉండే టైటానియం డయాక్సైడునే అతి సన్నని నలుసులుగా చేస్తారు. దాని మీద అతినీలలోహిత కిరణాలు పడితే నీళ్లలోని మందు అణువులు ముక్కలవుతాయి. కానీ ఎండలో ఆ కిరణాలు నూటికి ఐదు పాళ్లకు మించవు. బురద నీళ్లలోకి వెలుగే దిగదు. పని సగంలో ఆగితే మిగిలిన ముక్కలూ విషం కావచ్చు. వాడిన పొడిని మళ్లీ నీళ్లలోంచి తీయాలి. అంటే అది కుందూలోనో కేసీ కాలువలోనో చల్లే మందు కాదు. ఫ్యాక్టరీ లోపల, మురుగు శుద్ధి చేసిన తర్వాత, చివరి తొట్టిలో పెట్టాల్సిన యంత్రాంగం.

మరి ఫ్యాక్టరీవాడు ఎందుకు పెడతాడు? చట్టం అడగాలి కదా!

పటాన్‌చెరు చూడండి. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు శుద్ధి చేసే ప్లాంటు అది. శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. నక్కవాగు కింద పొలాలు పోగొట్టుకున్న రైతుల కేసు 1990లో సుప్రీంకోర్టుకెక్కి, హైకోర్టుకు, గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరుగుతూ పాతికేళ్లు దాటింది.

ఇంత జరిగాక 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. ఫ్యాక్టరీ నీళ్లలో 121 యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడతామంది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు మాయం! అదే కేంద్రం 2019లో కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. అది మంచిదే, పాటిద్దాం. కానీ రైతుకొక న్యాయం, కంపెనీకొక న్యాయమా?

మనది పటాన్‌చెరు కాదు కదా అనొద్దు. మనుషులు మింగిన యాంటీబయాటిక్‌లో చాలా భాగం మూత్రంలోనే పోతుంది. నంద్యాల మురుగు, అందులో ఆస్పత్రుల నీళ్లు, చామకాలువ, మద్దిలేరు దాటి కుందూలో కలుస్తాయి. గోస్పాడు నుంచి ఆళ్లగడ్డ దిక్కు దాకా మోటార్లు పెట్టి పారించుకునేది మనమే. ఆ నీళ్లలో మందుకు లొంగని క్రిములు పెరిగితే, రేపు ఎనుముకు పొదుగువాపు వచ్చినా, బిడ్డకు జ్వరమొచ్చినా సూది పనిచేయదు.

ఖర్చు ఎక్కువ, కంపెనీలు తట్టుకోలేవు అంటారు. చెడగొట్టినవాడే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఎరువుల ధర పెరిగితే రైతు తట్టుకోగలడా అని ఎవరడిగారు?

మన డిమాండ్లు:
1. ముసాయిదాలోని 121 మందుల హద్దులను తిరిగి చట్టంలో పెట్టాలి.
2. ఆస్పత్రుల మురుగును వాటి ఆవరణలోనే శుద్ధి చేయాలి.
3. కుందూ నీళ్లలో యాంటీబయాటిక్‌లను కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించి, ఫలితాలను గ్రామ సచివాలయాల్లో తెలుగులో అంటించాలి.

ముందు హద్దు, ఆ తర్వాతే నానో. ప్రతి గ్రామ కమిటీ ఈ మూడింటిపై తీర్మానం చేసి కలెక్టరుకు పంపాలి.