‘జెల్ బేస్’లో ఏముందో చెప్పాలి

మామిడి తోటలు, పొలం పనులతో బతికే విస్సన్నపేట లాంటి ఊళ్లో నడుము నొప్పికో, మోకాళ్ల నొప్పికో మందుల షాపుకెళ్లి జెల్ ట్యూబు తెచ్చుకోవడం మామూలే. ట్యూబు మీద డైక్లోఫినాక్ ఎంత శాతం, మెంథాల్ ఎంత శాతం అని వరసగా రాసి ఉంటుంది. ఆ వరస చివర చాలాసార్లు ‘జెల్ బేస్ తగినంత’ అన్న ముక్క ఉంటుంది. మందు పోగా ట్యూబులో మిగిలిందంతా ఆ ముక్క కిందికే వస్తుంది. ఆ బేస్ జారిపోకుండా చిక్కగా నిలవడానికి ఎక్కువగా వాడేది కార్బోమర్ అనే కృత్రిమ పాలిమర్. హెయిర్ జెల్, శానిటైజర్, పొడిబారిన కళ్లకు వేసుకునే జెల్ చుక్కల్లోనూ తరచు ఇదే ఉంటుంది. కలబంద జెల్ అంత గట్టిగా ఉండటం కలబంద మహిమే అనుకునేవారు ఒకసారి డబ్బా వెనక్కి తిప్పి చూస్తే మంచిది.

కార్బోమర్‌ను చూసి భయపడాల్సిన పని లేదు. యాక్రిలిక్ ఆమ్లం అణువులను పొడుగాటి గొలుసులుగా కలిపి, ఆ గొలుసులను ఒకదానికొకటి ముడివేస్తే వచ్చే తెల్లని పొడి ఇది. నీళ్లలో వేసి కాస్త క్షారం కలిపితే వందల రెట్లు ఉబ్బుతుంది. అందుకే నూటికి అర పాలో, ఒక పాలో వేస్తే సరిపోతుంది. ఆరోగ్యకరమైన చర్మాన్ని దాటి లోపలికి పోవాలంటే అణుభారం సుమారు 500కు మించకూడదని శాస్త్రవేత్తల అంచనా. కార్బోమర్ అణుభారం లక్షలు దాటుతుంది. అమెరికాలో సౌందర్య సాధనాల పదార్థాలను సమీక్షించే నిపుణుల సంఘం 1982లోనే దీన్ని సురక్షితమని తేల్చింది. ‘కెమికల్’ అన్న ఒక్క మాటతో దీన్ని తోసిపుచ్చడం అన్యాయం.

అడగాల్సింది ఆ గొలుసును ఏ ద్రావకంలో అల్లారన్నది. పాలిమర్ వేరు, దాని తయారీలో వాడే పదార్థాలు వేరు అని మన రాష్ట్రం చాలా ఖరీదు చెల్లించి తెలుసుకుంది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకై 12 మందిని బలిగొన్నది పాలిస్టైరీన్ కాదు, దాని ముడిసరుకైన స్టైరీన్ ఆవిరి. కార్బోమర్ విషయంలో అనుమానించాల్సింది బెంజీన్‌ను. 934, 940, 941 వంటి పాత గ్రేడ్లను బెంజీన్ ద్రావకంలో తయారుచేసేవారు. ఎంత ఆరబెట్టినా అందులో కొంత పొడిలోనే చిక్కుకుపోతుంది. బెంజీన్ రక్త క్యాన్సర్‌కు కారణమవుతుందన్న దానిపై వివాదం లేదు. అయినా మందుల నాణ్యతా ప్రమాణాలను నిర్దేశించే అమెరికా ఫార్మకోపియా 940 గ్రేడులో 0.5 శాతం దాకా బెంజీన్‌ను ఏళ్ల తరబడి అనుమతించింది. అంత బెంజీన్ ఉన్న పొడిని నూటికి ఒక పాలు కలిపితే జెల్‌లో పది లక్షల పాళ్లకు 50 పాళ్ల బెంజీన్ చేరుతుంది. మందుల్లో మిగిలే ద్రావకాలపై అంతర్జాతీయ మార్గదర్శకం బెంజీన్‌కు పెట్టిన హద్దు 2 పాళ్లు. ఇది గరిష్ఠ లెక్కే, ప్రతి ట్యూబులోనూ ఇంత ఉంటుందని కాదు. కానీ హద్దుకు 25 రెట్లు ఎక్కువ ఉన్నా నిబంధన ప్రకారం సరుకు పాసయ్యేదంటే తప్పు ఆ నిబంధనదే. 2023 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బెంజీన్‌తో చేసిన కార్బోమర్లను వదిలి మందులను మార్చుకోవాలని కంపెనీలకు మార్గదర్శకాలు ఇచ్చింది.

పెట్రోలులో ఒక శాతం దాకా బెంజీన్ ఉండగా, బంకు దగ్గర రోజూ దాన్ని పీలుస్తూ ట్యూబులోని పిసరంత గురించి గోల దేనికని అడగవచ్చు. చర్మం మీద రాసిన బెంజీన్‌లో చాలా భాగం ఆవిరైపోతుందన్నదీ నిజమే. నొప్పికి జెల్ రాసుకున్నవారు రాత్రికి రాత్రి బెంబేలెత్తి ట్యూబు పారేయాల్సిన పని లేదు. కానీ పెట్రోలు లేకుండా ఇప్పటికిప్పుడు బండి నడపలేం. బెంజీన్ లేని కార్బోమర్ మాత్రం ఎప్పటినుంచో మార్కెట్లో దొరుకుతోంది. 940 చేసే పనే చేసే 980 గ్రేడును వేరే ద్రావకాలతో తయారుచేస్తారు. తప్పించుకోగలిగిన ప్రమాదాన్ని తప్పించుకోలేని ప్రమాదం పక్కన పెట్టి చిన్నది చేయడం సరైన తర్కం కాదు. ఖర్చు పెరుగుతుందన్న వాదనా నిలవదు. నూటికి ఒక పాలు కూడా మించని పదార్థం మారితే ట్యూబు ధర మీద పడే భారమెంత?

విడ్డూరం ఏమిటంటే, ఈ విషయంలో మందు కంటే ముఖానికి రాసుకునే క్రీమే నయం. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం సౌందర్య సాధనాల మీద పదార్థాల జాబితా ఉండాలి. అందులో కార్బోమర్ పేరైనా కనబడుతుంది. అయితే 940కైనా 980కైనా జాబితాలో రాసేది ఒకే పేరు కాబట్టి, బెంజీన్ సంగతి కొనేవారికి అక్కడా తెలియదు. లేబుల్ చదివి జాగ్రత్తపడమని జనానికి చెప్పడం అందుకే కంటితుడుపు. ఈ పని చేయాల్సింది ఔషధ నియంత్రణ శాఖ. 2023 డిసెంబరులోనే కేంద్రం సవరించిన మందుల తయారీ ప్రమాణాల షెడ్యూల్-ఎం ముడిసరుకు ఎవరి దగ్గర కొంటున్నారో, అది ఎలాంటిదో పరీక్షించుకునే బాధ్యతను కంపెనీల మీదే పెట్టింది. షాపులో శాంపిల్ తీసిన ఇన్‌స్పెక్టర్ డైక్లోఫినాక్ శాతం సరిపోయిందో లేదో చూసి ఊరుకోకుండా, కార్బోమర్ ఏ గ్రేడు, ఏ ద్రావకంలో చేశారు, మిగిలిన బెంజీన్ ఎంత అని కంపెనీని అడగాలి. సరఫరాదారు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఉండాల్సిన వివరాలే ఇవి.