గోడ చదవలేని డాక్టరేట్లు

తిరుమల ఆలయ ప్రాకారాల మీద, తిరుపతి గోవిందరాజస్వామి గుడిలో, తిరుచానూరులో, కొండ చుట్టుపక్కల గుళ్లలో నమోదైన శాసనాలు వెయ్యికి పైనే. వాటిలో అత్యధికం తమిళం. తెలుగు, కన్నడ శాసనాలు రెండూ కలిపినా కొన్ని పదులు. నడుమ సంస్కృత శ్లోకం వచ్చిందంటే గ్రంథ లిపి. మరి అడుగుతున్నాను: ఈ కొండ కిందే ప్రాచీన చరిత్రలో ఎం.ఏ. చదివి, అయిదారేళ్లు పీహెచ్‌డీ చేసి, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకున్న మన పిల్లల్లో ఎందరు ఆ గోడ ముందు నిలబడి ఒక్క వరుస చదవగలరు?

చదవగలిగినవాళ్లు లేకపోలేదు. వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ వాళ్లలో ఎక్కువమంది సొంత పట్టుదలతో, సెలవుల్లో, రిటైరైన ఏ పెద్దాయన ఇంటికో తిరిగి నేర్చుకున్నవాళ్లు. మిగతావాళ్లకు ఆ గోడకూ తమకూ నడుమ 1930ల్లో అచ్చయిన ఇంగ్లీషు అనువాదం ఒక్కటే దిక్కు. అందులో ఏముంటే అదే చరిత్ర. అందులో పొరపాటు పడితే ఆ పొరపాటే చరిత్ర. సిద్ధాంత వ్యాసం నుంచి సిద్ధాంత వ్యాసానికి అదే పేరా నడిచిపోతోంది, రాయి మాత్రం ఎవరూ ముట్టుకోవడం లేదు.

ఇందులో తప్పు పిల్లలది కాదు. ఆ మాట మొదటే గట్టిగా చెబుతున్నాను. తప్పు ఈ చదువును ఇలా తయారుచేసినవాళ్లది.

మనది ఎలాంటి నేలో ఒకసారి చూడండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో భాగం. నగరి, పుత్తూరు, సత్యవేడు, కుప్పం వైపు ఇవాళ్టికీ ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష. అవ్వ తమిళంలో తిడుతుంది, మనవడు తెలుగులో జవాబిస్తాడు. పలమనేరు దాటితే కన్నడం కలుస్తుంది. దక్షిణ దేశంలో శాసనాలు చదవడానికి ఇంతకన్నా సహజంగా సిద్ధమైన పిల్లలు మరెక్కడా దొరకరు. సగం భాష వాళ్ల నోట్లోనే ఉంది. లిపి నేర్పితే చాలు. అదే నేర్పడం లేదు.

పోనీ, నేర్పేవాళ్లు లేరా? తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. అందులో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రాలకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. ఆ ఊళ్లోనే జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో 1997లో ద్రావిడ భాషల కోసమే ఒక విశ్వవిద్యాలయం పెట్టారు. సంస్కృతం, తమిళం, కన్నడం, చరిత్ర, పురావస్తు శాస్త్రం అన్నీ ఇక్కడిక్కడే ఉన్నాయి. ఒక విద్యార్థి ఈ మూడు చోట్ల తిరిగి నేర్చుకుని ఒక డిగ్రీ పట్టుకుని బయటికి వచ్చే దారి మాత్రం ఏ వైస్ చాన్సలరూ వెయ్యలేదు. జర్మనీలోనో ఇంగ్లండులోనో గ్రీకు, రోమన్ ప్రాచీన చరిత్రలో పరిశోధన చేస్తానంటే ముందు గ్రీకు, లాటిన్ వచ్చా అని అడుగుతారు. రాకపోతే కూర్చోబెట్టి నేర్పుతారు. మన దగ్గర విజయనగర రాజు సాళువ నరసింహుడి కాలం మీద పరిశోధన చేస్తానని వచ్చిన కుర్రాణ్ని తమిళం చదువుతావా అని అడిగే మనిషి ఉన్నాడా?

సిలబస్‌లో శాసనాల పేపరు ఒకటి ఉంటుంది, కాదనను. అది శాసనం గురించి చెబుతుంది. శాసనం అంటే ఏమిటి, ఎన్ని రకాలు, చరిత్రకు దాని ఉపయోగమేమిటి. కంఠతా పట్టి పది మార్కులకు రాసేస్తారు. రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో దరువేసి, సిరా అద్ది అచ్చు తీయడం ఎన్ని సెమిస్టర్లలో ఎన్ని గంటలు నేర్పుతున్నాం? ఆ తర్వాత నెట్ పరీక్ష. పురావస్తు శాస్త్రం అందులో ఒక సబ్జెక్టే. ప్రశ్నలన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవి. జన్మలో శాసనం మీద చెయ్యి పెట్టనివాడు కూడా ఆ గడప దాటి పాఠం చెప్పే అర్హత సంపాదించవచ్చు. ఒక చదువు చచ్చిపోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ఇప్పుడు పాత సంగతి ఒకటి చెప్పాలి. తిరుమల కొండ 1843 నుంచి 1933 దాకా హథీరాంజీ మఠం మహంతుల పెత్తనంలో ఉండేది. ఆ పెత్తనం మీద చెడుగా రాసినవాళ్లు చాలామంది, అందులో నిజమూ ఉంది. కానీ ఆ కాలంలోనే దేవస్థానం శాసనాల పని చేయించింది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఈ గోడలన్నీ చదివి 1930లో నివేదిక ఇచ్చాడు. ఆ మరుసటి ఏడు నుంచి 1938 లోపల శాసనాలు ఆరు సంపుటాలుగా బయటికి వచ్చాయి. కంప్యూటర్లు, డిజిటల్ కెమెరాలు లేని రోజుల్లో కొద్దిమంది పండితులు ఆ పని చేసి చూపించారు. 2025-26కి తిరుమల తిరుపతి దేవస్థానం ఆమోదించిన బడ్జెట్ 5,258 కోట్ల రూపాయలు. ఆ పండితుల పనిని ముందుకు తీసుకుపోయే పూర్తిస్థాయి శాసన విభాగానికి అందులో ఎంత శాతం కావాలి? శాతం కూడా అక్కర్లేదు. శాతంలో వందో వంతు అంటే యాభై లక్షలు దాటుతుంది. దానితో జీతమిచ్చి నలుగురైదుగురు కుర్రవాళ్లను పెట్టుకోవచ్చు.

ఆ ఆరు సంపుటాల్లో ఏముందో తెలిస్తే రాయలసీమ మనిషి నిద్రపోడు. పదిహేను, పదహారు శతాబ్దాల శాసనాల్లో ఒక పద్ధతి పదే పదే కనబడుతుంది. ఒక దాత శ్రీభండారానికి, అంటే గుడి ఖజానాకు, ఇన్ని నర్పణాలు (ఆనాటి నాణేలు) కడతాడు. దేవస్థానం ఆ సొమ్మును తన గ్రామాల్లో చెరువులకు, కాలువలకు పెడుతుంది. నీళ్లు పెరిగి పంట పెరుగుతుంది. పెరిగిన పంటలోంచి దాత పేరిట స్వామికి రోజూ ఇన్ని తళిగలు నైవేద్యం. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు. అంటే భండారంలో పడిన రూక చెరువై, చెరువు వరిమడై, వరిమడి మళ్లీ కొండెక్కి, దిగి, మనిషి నోటికి అన్నమై చేరేది. ఏ ఊరి చెరువు ఎప్పుడు తవ్వారు, ఎంత పెట్టారు, ఏ కాలువ ఎటు పోయింది, అంతా అక్కడ చెక్కి ఉంది. చెరువులు పూడిపోయి, బోర్లు వెయ్యి అడుగులు దాటి, వలస బస్సులెక్కుతున్న జిల్లాకు ఇది ఉత్త పురాతన వస్తువా?

ఆ విలువ కనిపెట్టినవాడు ఎక్కడివాడో తెలుసా? బర్టన్ స్టైన్. అమెరికా నుంచి వచ్చినవాడు. తిరుపతి ఆలయం నీటిపారుదల మీద సొమ్ము ఎలా మదుపు పెట్టిందో ఈ శాసనాల ఆధారంగానే 1960లో వ్యాసం రాశాడు. దక్షిణ భారత ఆర్థిక చరిత్ర చదివే ప్రతి విశ్వవిద్యాలయంలో ఆ వ్యాసం చదువుతారు. ఆయన మీద నాకు కోపం లేదు, గౌరవం ఉంది. కొండ కింద పుట్టినవాళ్లం ఆ ప్రశ్న మనమెందుకు ముందు అడగలేకపోయామన్నదే నా బాధ. చోళ శాసనాల్లో మనుషుల పేర్లన్నీ లెక్కతీసి సమాజం ఎలా మారిందో చెప్పిన పనిలో జపాను నుంచి వచ్చిన నొబొరు కరషిమా ఉన్నాడు. తమిళం, ఆ లిపి నేర్చుకుని మరీ చేశాడు. జపాను మనిషికి సాధ్యమైంది పుత్తూరు పిల్లకు ఎందుకు సాధ్యం కాకూడదు?

తమిళ శాసనాలను మనం ఎందుకు నెత్తిన పెట్టుకోవాలని అడిగే తెలుగు అభిమానులున్నారు. వాళ్లకు రెండే మాటలు. అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యుడు స్వామికి చేసిన దానాలు తమిళ శాసనాల్లో ఉన్నాయి. తాళ్లపాక వాళ్ల చరిత్ర తెలియాలంటే తమిళం చదవాలి. కృష్ణదేవరాయలు 1513లో మొదటిసారి కొండకు వచ్చినప్పుడు తన దానాన్ని తెలుగులో, తమిళంలో, కన్నడంలో చెక్కించాడు. ఆయనకు లేని గోడ మన మనసుల్లో ఎందుకు?

అన్నీ అప్పుడే అచ్చయిపోయాయి, ఇంక చదవడానికేముంది అంటారు ఇంకొందరు. భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని సమర్పించిన సామవై శాసనాన్నే తీసుకోండి. తిరుమల చరిత్రకు అంతటి ముఖ్యమైన శాసనం ఇంకొకటి లేదు. అందులో ఉన్నది రాజు ఏలుబడి సంవత్సరం మాత్రమే. 966 అని ఎక్కువమంది అంటారు, 614 అని కొందరు. మూడున్నర శతాబ్దాల తేడా! అక్షరాల తీరు చూసి, భాష చూసి, ఇరుగు పొరుగు శాసనాలతో పోల్చి తేల్చాల్సిన పని అది. చదవడం వచ్చినవాడే ఆ వాదంలో కూర్చోగలడు. రానివాడు ఏ పుస్తకం ముందు దొరికితే ఆ పుస్తకం పక్షాన చేరతాడు. గుడిమల్లం శివలింగం సంగతీ అంతే. గోపీనాథరావు పండితలోకానికి పరిచయం చేసి వందేళ్లు దాటింది. క్రీస్తుకు ముందు రెండు మూడు శతాబ్దాల నాటిదని కొందరు, క్రీస్తు తర్వాతదని కొందరు. 1973లో పురావస్తు శాఖ తరఫున ఐ.కె. శర్మ అక్కడ తవ్వకం జరిపాడు. యాభై ఏళ్లు దాటిపోయింది. ఏర్పేడు మండలంలో ఉన్న ఆ ఊరు తిరుపతికి కూతవేటు దూరం. ఆ చర్చలో తిరుపతి నుంచి ఒక కొత్త గొంతు ఎప్పుడు వినిపిస్తుంది?

అచ్చు కానివాటి మాట చెప్పనే లేదు. పుంగనూరు, పలమనేరు వైపు పొలాల గట్ల మీద, చెరువు కట్టల మీద వీరగల్లులు నిలబడి ఉన్నాయి. పశువుల కోసం, ఊరి కోసం కొట్లాడి చచ్చిపోయిన మామూలు మనుషుల పేర్లు వాటి మీద ఉంటాయి. రాజుల శాసనాల్లో దొరకని మనుషులు వాళ్లు. గుప్తనిధుల కోసం రాత్రిపూట గడ్డపారలు దిగుతున్నాయి. గ్రానైటు క్వారీలు గుట్టలు మింగుతున్నాయి. జీర్ణోద్ధరణ పేరుతో శాసనాల మీద ఎనామిల్ పెయింటు, సిమెంటు, టైల్స్ పడుతున్నాయి. భక్తితోనే చేస్తారు, చదవగలిగేవాడు ఊళ్లో ఒకడుంటే చెయ్యి పట్టుకుని ఆపుతాడు. ఆ ఒకణ్నే మనం తయారు చెయ్యడం లేదు.

తయారు చేస్తే ఏమవుతుందో చూడండి. 1960ల్లో ఎం.ఎల్.కె. మూర్తి చిత్తూరు జిల్లా రాతియుగం మీద పరిశోధన చేసి రేణిగుంట చుట్టూ వేల ఏళ్ల నాటి పనిముట్లు గుర్తించాడు. భారతదేశ రాతియుగ చరిత్రలో రేణిగుంట పేరు నిలిచింది ఆ పనితోనే. ఆయన చదువు పుణె డెక్కన్ కాలేజీలో. అక్కడ మట్టిలో దిగి నేర్పే గురువులున్నారు. రోమన్ కాలపు పురావస్తువుల్లో ఆరితేరి వచ్చిన మార్టిమర్ వీలర్ 1944లో తక్షశిలలో శిక్షణ పెట్టి కుర్రవాళ్లను గుంటల్లోకి దింపాడు. బి.బి. లాల్ లాంటివాళ్లు అక్కడినుంచే వచ్చారు. చేతిపని నేర్పితే మనుషులు తయారవుతారు. అంతే.

చేతిపని నేర్చుకున్నవాడికి మనం ఏమిస్తున్నాం? ఇక్కడే నా కోపం ఆగదు. నలభై దాటిన అకడమిక్ కన్సల్టెంట్లు మీకూ తెలుసు. ఏటేటా రెన్యువల్ కాగితం కోసం ఎదురుచూపు. పర్మనెంటు లెక్చరర్ చెప్పే పాఠాలే చెబుతారు, పేపర్లు దిద్దుతారు, ఇన్విజిలేషన్ చేస్తారు, జీతం మాత్రం ఏ మాత్రమో నోరు విప్పి ఇంట్లో చెప్పుకోలేరు. పరిశోధన ఎప్పుడు చెయ్యాలి? శాసనం చదవడం పదేళ్ల సాధన. పదేళ్లు నిలకడగా కూర్చోనిచ్చే ఉద్యోగం లేకపోతే ఆ విద్య నిలవదు. అందుకే చరిత్ర ఎం.ఏ. అంటే గ్రూప్స్‌కు, డీఎస్సీకి పనికొచ్చే చదువుగా మిగిలింది. ప్రమోషన్ కావాలంటే డబ్బు కట్టించుకుని అచ్చేసే పత్రికల్లో నాలుగు వ్యాసాలు చాలు. ఒక ఊరి శాసనం సరిగ్గా చదివి ప్రకటించినవాడికి ఆ లెక్కలో మార్కులెన్ని?

తమిళనాడు పురావస్తు శాఖ శాసన విద్యలో డిప్లమో నడుపుతోంది, కీళడి తవ్వకాలను తన ఇంటి పనిగా చూసుకుంటోంది. మనం ఆ వార్తలు చదివి ఈర్ష్యపడుతున్నాం. ఈర్ష్య వద్దు, పని కావాలి.

చరిత్ర విభాగాల పెద్దలకు నా మాట ఇది. మధ్యయుగ తిరుపతి ప్రాంతం మీద పీహెచ్‌డీ ఇచ్చే ముందు ఆ విద్యార్థి ముందు చదవని శాసనం అచ్చు ఒకటి పెట్టండి. చదివితేనే పట్టా. అంతకుముందు ఆ చదవడం మీరు నేర్పండి, మీకు రాకపోతే వచ్చినవాణ్ని పిలిచి గౌరవంగా జీతమివ్వండి. ప్రభుత్వానికి: ఖాళీలు నింపండి, కన్సల్టెంట్ల పేరుతో మనుషుల వయసు తినకండి.

ఇక తిరుమల తిరుపతి దేవస్థానం ధర్మకర్తల మండలికి. మీ తదుపరి సమావేశం ఎజెండాలో ఒక్క అంశం చేర్చండి: శాసన విభాగం, పది పోస్టులు, శాశ్వత ప్రాతిపదికన, తమిళ, గ్రంథ, తెలుగు, కన్నడ లిపులు చదవగలిగినవారికి మాత్రమే. నోటిఫికేషన్ పడిన రోజున నగరి నుంచి, పుత్తూరు నుంచి, కుప్పం నుంచి దరఖాస్తులు వస్తాయి.